అమ్మ అడిగిన కొలత

మే నెలాఖరున, నదిలో మంచు విరిగి జేమ్స్ అఖాతంలోకి కొట్టుకుపోయిన వారానికి, సిస్టర్ ఒడీల్ చిన్న విమానంలో ఉత్తరాన ఉన్న మా క్రీ ఆదివాసీల ఊరికి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు మా పిల్లల్ని ఇళ్ల నుంచి లాక్కెళ్లి ఉంచిన బడిని నడిపిన క్రైస్తవ సన్యాసినుల మఠంలో పాత పెట్టెలు వెతికి, ఎవరి కాగితాలు వాళ్లకు చేర్చే పని పెట్టుకుంది. మా క్లొటిల్డా అత్తకు ఆమె తెచ్చింది ఒకే ఒక్క కవరు.

అత్తను ఆరేళ్లప్పుడు పడవెక్కించి ఆ బడికి తీసుకుపోయారు. ఎనిమిదేళ్లలో ఇంటి నుంచి ఒక్క ఉత్తరం రాలేదు. అమ్మ తనను మరిచిపోయిందనుకుంది. అక్కడ మా భాష మాట్లాడనివ్వలేదు; తిరిగి వచ్చేసరికి ఆమె నోట మా క్రీ మాట ఒక్కటీ మిగల్లేదు. నానమ్మకు వేరే భాష రాదు. ఒకే పొయ్యి దగ్గర తల్లీకూతుళ్లు ఏడాదిపాటు సైగలతో గడిపారు. తర్వాత అత్త దక్షిణాన పట్నానికి వెళ్లిపోయింది. నానమ్మ పోయిన కబురు అక్కడే అందింది. నలభై దాటాక ఊరికొచ్చి క్రీ మాట్లాడటం మళ్లీ నేర్చుకుంది గాని, మా లిపి మాత్రం నేర్చుకోలేదు.

"ఇది మీ అమ్మగారు రాసింది. ఆ లిపి మా వాళ్లకు రాదు. తాము చదవలేని ఉత్తరం పిల్లలకు ఇవ్వకూడదని నియమం. అందుకని దాచేశారు," అంది సిస్టర్.

"దాచారా, దొంగిలించారా?" అంది అత్త.

సిస్టర్ కవరు అత్త చేతిలో పెట్టింది. "దొంగిలించారు," అంది.

నేను వెళ్లి జేవియర్ మామను పిలుచుకొచ్చాను. ఆయన అత్తకు మేనబావ. చిన్నప్పుడు వాళ్ల నాన్న అడవిలో దాచేయడంతో బడి మొహం చూడలేదు. మా లిపి మాత్రం గడగడా చదువుతాడు.

"ఎనిమిదేళ్లు చదువు వెలగబెట్టి, ఉత్తరం చదవడానికి నన్ను పిలిచావా మరదలా?"

"ముందు కళ్లద్దాలు తుడుచుకో బావా. వీలైతే ఆ నోరు కూడా."

మామ నవ్వి, కాగితం విప్పాక నవ్వు ఆపేశాడు. మెల్లగా చదివాడు.

"బంగారుతల్లీ, అడవిబాతులు వచ్చాయి. మొదటిదాన్ని మీ నాన్న నీ పేరు చెప్పి వండించాడు. నల్లకుక్క ఐదు పిల్లల్ని పెట్టింది. నీకు చేతి తొడుగులు కుడదామని తోలు సిద్ధం చేశాను. కొలత తెలియడం లేదు. నీ చెయ్యి కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి పంపు. ఎంత పెరిగావో చూసుకుంటాను."

"చివరిది మళ్లీ చదువు," అంది అత్త. మామ మళ్లీ చదివాడు. ఇంకోసారి అడిగింది. ఇంకోసారి చదివాడు.

సిస్టర్ తనతో తెచ్చిన క్షమాపణ పత్రం బయటికి తీసింది. అత్త దాన్ని పక్కకు జరిపి పెన్సిల్ అడిగింది. ఒక తెల్లకాగితం మీద చెయ్యి పరిచింది. కణుపులు వాచిన డెబ్బై ఆరేళ్ల చెయ్యి. చాలాసేపు దాన్నే చూసింది. గీత గీయకుండానే తీసేసింది.

"ఈ చెయ్యి చూస్తే అమ్మ గుర్తుపట్టదు," అంది.

సిస్టర్ తన కాగితం మడిచి సంచిలో పెట్టేసుకుంది. "క్షమించమని అడగడానికే వచ్చాను. ఇవాళ అడగలేను. ఇంకా నాలుగు పెట్టెలు తెరవాలి," అంది.

"తెరువు. ఒక్క ఉత్తరం రాసి ఊరుకునే మనిషి కాదు మా అమ్మ." అత్త ఆమె ముందుకు టీ కప్పు జరిపింది. "చల్లారిపోతోంది, తాగు."

ఆ వేసవంతా మామ దగ్గర అత్త అక్షరాలు దిద్దింది. తప్పు రాసినప్పుడల్లా ఆయన వెక్కిరించేవాడు, ఆమె పెన్సిల్ విసిరేది. ఆగస్టుకల్లా ఆ ఉత్తరం తానే కూడబలుక్కుని చదవగలిగింది.

అక్టోబర్‌లో సిస్టర్ ఫోన్ చేసింది. మూడు పెట్టెలు చూసిందట. ఏమీ దొరకలేదట.

"ఇంకోటి ఉందిగా," అంది అత్త. "తొందరేం లేదు, నిదానంగా చూడు. ఏం దొరికినా నువ్వు విప్పకు. నేను చదువుకుంటాను."