గుప్పెడు మచ్చు

బస్తాలోకి ఇనుప గొట్టం దిగుతుంది.

ముందు గోనె చిరిగే చప్పుడు. తర్వాత శనగలు జారే చప్పుడు... సన్నగా, గరగరమంటూ.

మా ఆయన అరచేయి పడతాడు. గుప్పెడు గింజలు వస్తాయి. ఊదుతాడు, దొర్లిస్తాడు, ఒకటి పంటికింద కొరుకుతాడు. బస్తా సంగతి తెలిసిపోయినట్టే తల ఊపుతాడు.

దాన్నే మచ్చు అంటారు.

పెళ్లయి కోయిలకుంట్లకు వచ్చిన నాటి నుంచి ఈ చప్పుడు వింటున్నాను. మా ఇల్లూ అంగడీ ఒకటే. ముందు శనగల అంగడి, మధ్యలో గోదాము, వెనక మేము. ఎండాకాలం గాలి వీచిందంటే నల్లరేగడి దుమ్ము, గోనెల ముక్కిన వాసన, పుచ్చిన గింజల పొట్టు — అన్నీ నా వంటింట్లోకే వస్తాయి.

మొదట్లో ఏమీ అనిపించేది కాదు.

ఇప్పుడు రోత.

ఇప్పుడు నన్ను కూడా గుచ్చుతున్నారు కాబట్టి.

నిరుడు కర్నూలులో నా కడుపు కోశారు. అండాశయంలో గడ్డ. క్యాన్సర్. గడ్డతో పాటు చుట్టూ ఉన్నవన్నీ తీసేశారు. తర్వాత నరాల్లోకి మందు ఎక్కించారు. జుట్టు ఊడిపోయింది. నెలల తరబడి నోట్లో తుప్పు రుచి.

ఆ జబ్బు రక్తంలో ఒక గుర్తు వదులుతుందట. ఆ గుర్తుకు ఒక అంకె. ఆపరేషన్‌కు ముందు నా అంకె వందల్లో ఉంది. మందు ఎక్కేకొద్దీ తగ్గుతూ... తగ్గుతూ... ముప్పై అయిదు కిందికి దిగింది. అక్కడ ఉంటే నార్మల్ అన్నారు.

ఆ రోజు నేనూ ఏడ్చాను, సంతోషం పట్టలేక.

ఇంటికి పంపేముందు డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"అంకె ఒక్కటే నమ్ముకోకండి. జబ్బు తిరగబెట్టినా కొందరికి అంకె పెరగదు. జబ్బు లేకపోయినా కొందరికి పెరుగుతుంది. కడుపు ఉబ్బినా, తిండి సయించకపోయినా, అంకె ఎంతున్నా సరే, వెంటనే రండి. స్కాన్ తీసి చూద్దాం."

మా ఆయన బుద్ధిగా తల ఊపాడు. కోయిలకుంట్ల చేరేసరికి ఆయన చెవిలో మిగిలింది ఒక్కటే.

అంకె.

అప్పటి నుంచి మా ఇంట్లో నేను లేను. అంకె ఉంది.

బజారులో పెట్టిన ల్యాబు నుంచి మనిషి వస్తాడు. మంగళవారం మా ఆయన రానివ్వడు. రాహుకాలంలో గడప తొక్కనివ్వడు. మంచి ఘడియ చూసి నా రెట్టకు రబ్బరు కట్టిస్తాడు. స్పిరిట్ వాసన. సూది. నరం దొరకదు. మళ్లీ సూది. మందులకు నా నరాలు ఎండాకాలపు కుందూ ఏరులా ఇంకిపోయాయి.

రక్తం గొట్టంలోకి జారుతుంది. మా ఆయన పక్కనే నిలబడి చూస్తాడు.

నన్ను కాదు. గొట్టాన్ని.

మరునాడు ఫోన్లోకి అంకె వస్తుంది. ఇక చాటింపు.

"పద్నాలుగంటప్పా! మా ఇంటామెకు పద్నాలుగే!"

హమాలీలకు చెబుతాడు. రైతులకు చెబుతాడు. ఎదురుగా ఉన్న ఎరువుల కొట్టుకు పోయి మరీ చెబుతాడు. బెంగళూరు నుంచి మా కొడుకు కిరణ్‌కుమార్ చేతులు జోడించిన బొమ్మలు పంపిస్తాడు. కోడలు శ్రీవాసవి పూలగుత్తులు పంపిస్తుంది. మా ఆయన ఒంటిమిట్ట రాముడికి మొక్కుకున్నది కూడా ఆ అంకె కోసమే. మొన్న అంగడి ముందు జిలేబీలు పంచాడు. నా రక్తం పేరు చెప్పి ఊరు జిలేబీలు తింది. వేళ్లకంటిన పాకం నాకుతూ, "బాగుండాదంట కదా శెట్టెమ్మా" అంటూ లోపలికి తొంగి చూసిపోయారు.

నేను పెరట్లోకి పోయి వాంతి చేసుకున్నాను.

రోత.

అంకె అలా ఉంటే, కడుపు ఇంకో మాట చెబుతోంది. రెండు ముద్దలకే నిండిపోతోంది. లంగా నాడా కొంచెం కొంచెంగా వదులు చేసుకుంటున్నాను. పక్కకు తిరిగితే లోపల నీళ్లు కదిలినట్టుంటుంది. సంగటి చూస్తే అసహ్యం. అద్దం చూస్తే అసహ్యం. చేతులు పుల్లల్లా అయిపోయి, కడుపొక్కటే ముందుకు వస్తోంది.

చెప్పాను.

"ఏమండీ, కడుపు ఉబ్బతాండాది. కర్నూలుకు పోదాం."

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. కళ్లజోడు పెట్టుకుని చూశాడు. నన్ను చూడటానికి మాత్రం ఆయనకు కళ్లజోడు అక్కర్లేకపోయింది.

"పద్నాలుగు వచ్చిండాది. పద్నాలుగుకు కడుపు యాడ ఉబ్బుతాది? గ్యాసు. వాము నీళ్లు తాగు."

తాగాను. మర్నాడూ తాగాను. ఇప్పుడు వాము వాసనంటే కూడా రోతే.

మళ్లీ చెప్పాను.

"అలివేలూ, అంత పెద్ద మిషన్ కంటే నీకెక్కువ తెలుసునా? అంతా మంచి జరుగుతాంటే నీ నోట్లోంచి ఆ మాటలేంది?"

కిరణ్‌కు ఫోన్ చేశాను.

"రిపోర్టు నార్మలే కదమ్మా. ఊరికే టెన్షన్ పడొద్దు."

అందరూ అంకెను తడిమి చూశారు. నా కడుపు మీద చెయ్యి పెట్టి చూసినవాళ్లు లేరు... ఒక్కరూ లేరు.

నేను చచ్చిపోతానేమోనని భయంగా ఉంది. నార్మల్‌గా చచ్చిపోతానేమోనని ఇంకా భయంగా ఉంది.

శనగల కాలం. వీధి పొడుగునా బండ్లు. దుమ్ము. పొట్టు. గాలి అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు.

సోమవారం మధ్యాహ్నం మజ్జిగ చెంబు తీసుకుని అంగట్లోకి పోయాను. పెద్ద ఈరన్న అనే రైతు ట్రాక్టరు మీంచి బస్తాలు దించాడు. మా ఆయన ఒక బస్తాకు గొట్టం గుచ్చాడు.

గుప్పెడు గింజలు. నిండుగా, పొడిగా, ఎర్రగా.

"బాగుండాయి కదా శెట్టీ," అన్నాడు ఈరన్న.

మా ఆయన నవ్వాడు. "బాగుండాయిలే ఈరన్నా. మచ్చు ఎప్పుడూ బాగానే ఉంటాది. మచ్చును నమ్ముకొని ఉంటే ఈ అంగడి ఎప్పుడో మూసుకొని ఉందును. కుమ్మరించు."

"ఒట్టు శెట్టీ, అంతా ఒకటే సరుకు."

"కుమ్మరించప్పా."

హమాలీ బస్తా మూతి విప్పి నేల మీద బోర్లించాడు. ముందు మంచి గింజలు. తర్వాతా మంచివే. చివరికి అడుగుది దిగింది... నిరుటి సరుకు. బూజు. పుచ్చులు. పుచ్చిన ప్రతి గింజకూ సన్నటి గుండ్రటి చిల్లి. నల్లటి పురుగులు వెలుతురుకు తట్టుకోలేక నలుదిక్కులా పాకాయి.

ఈరన్న తల దించుకున్నాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూస్తివా? మచ్చుకు అడుగు సంగతి తెలుస్తాదా ఏమన్నా?"

ఆ మాట ఆయన నోటితోనే అన్నాడు.

నేను నా చెవులతో విన్నాను.

ఒళ్లు భగ్గున మండింది. ఇంత తెలివి ఉంది ఈ మనిషికి. ఊళ్లోవాళ్ల శనగల దగ్గర ఉంది. నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం లేదు. చీ.

చెంబు కింద పెట్టాను. కుప్ప దగ్గర కూర్చుని అడుగు గింజలు గుప్పెడు తీశాను. ఆయన అరచేయి లాగి అందులో పోశాను. హమాలీలు చూస్తున్నారు. ఈరన్న చూస్తున్నాడు. చూడనీ.

"ఈరన్న బస్తా కుమ్మరిస్తిరి. నన్నెప్పుడు కుమ్మరిస్తారు?"

పురుగొకటి ఆయన మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి పోయింది. ఆయన దులుపుకోలేదు. రెండో చెయ్యి, అలవాటు చొప్పున, ఫోనున్న జేబు వైపు పోయింది.

"అలివేలూ... పద్నాలుగు..."

ఆ చెయ్యిని మధ్యలోనే పట్టుకున్నాను. అందరి ముందరా, చీర మీదుగా, నా కడుపు మీద పెట్టుకున్నాను.

గట్టి కడుపు. బిగిసిన కడుపు.

ఆయన వేళ్లు ఆగిపోయాయి. మెల్లగా నొక్కాయి. పక్కకు జరిగి మళ్లీ నొక్కాయి. గింజల్ని చూసే కళ్లతో, ఇన్ని నెలల్లో మొదటిసారి, ఆయన నన్ను చూశాడు. ముఖంలో నెత్తురు లేదు.

"రేపు మంగళవారం," అన్నాడు.

"నేను పోతాండా. వస్తే రండి."

వచ్చాడు.

కర్నూలు. ఆసుపత్రి. మళ్లీ అదే స్పిరిట్ వాసన. చల్లటి జిగురు కడుపు మీద పూశారు. అదొక రోత. బల్ల మీద పడుకుని పిడికిలి బిగించుకున్నాను. ఆ పిడికిట్లో ఒక శనగ గింజ ఉంది. నిన్న ఆ కుప్పలోంచే కొంగున ముడేసుకున్నాను. మంచిదో పుచ్చుదో చూడలేదు.

స్కాన్ చేస్తున్న అమ్మాయి మొదట కబుర్లు చెబుతోంది. ఏ ఊరు, పిల్లలెందరు...

తర్వాత కబుర్లు ఆగిపోయాయి.

తెర నా వైపు లేదు. మిషన్ చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది... సన్నగా, గరగరమంటూ.

కాసేపటికి, "బయట కూర్చోండమ్మా, డాక్టరమ్మ పిలుస్తుంది," అంది నా ముఖంలోకి చూడకుండా.

బయట బెంచీ మీంచి మా ఆయన దిగ్గున లేచాడు.

"ఎంత వచ్చిండాది?"

నవ్వాలో ఉమ్మాలో తెలియలేదు.

"ఎంతా రాలేదు. స్కానుకు అంకె ఉండదు."

ఆయన పట్టుకోవడానికి ఏమీ దొరకనట్టు ఉత్త చెయ్యి ముందుకు చాచాడు. అరచేయి తెరిచే ఉంది.

నేను పిడికిలి విప్పాను.

గింజ జారి ఆయన అరచేతిలో పడింది. ఊదలేదు. దొర్లించలేదు. కొరకలేదు. గుప్పిట మూసి, నా పక్కన కూర్చున్నాడు.

లోపలి నుంచి నా పేరు పిలిచారు.