ఇంద్రజ గారింటి తిమింగలం

న్యూజిలాండ్‌లో దసరాకి సెలవులివ్వరు. స్కూలు మూడో టర్ము అయిపోయిందని రెండు వారాలు ఇస్తారు. ఈ ఏడు దసరా వచ్చి ఆ సెలవుల్లో పడింది. పదేళ్ళ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని బొమ్మల కొలువు పెట్టుకుందామని నేను చాలా ఆశపడ్డాను. అట్టపెట్టెలు మెట్లుగా పేర్చి, తెల్ల దుప్పటి పరిచి, హారికను పిలిచాను. అది ఒకే ఒక్క బొమ్మ పెట్టింది. ఆంజనేయుణ్ణి, గోడ వైపు ముఖం తిప్పి. తర్వాత చేతులు దులుపుకుని, "అమ్మా, ఐ యామ్ డన్. ఇంద్రజ ఆంటీ వాళ్ళింటికి వెళ్ళనా?" అంది.

ఇంద్రజ గారిది మౌంట్ రాస్కిల్‌లో మా పక్క వీధే. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. కొడుకు వినీత్ డునెడిన్‌లో మెడిసిన్ చదువుతున్నాడు కాబట్టి ఆవిడకు తీరిక ఎక్కువ. ఆవిడ చేసే గుగ్గిళ్ళలో కొబ్బరి ఎక్కువ. మా అమ్మాయంటే ప్రేమ ఎక్కువ. మొదటి రెండిటితో నాకు పేచీ లేదు.

జూలైలో ఆవిడ అమెరికాలో చెల్లెలింటికి వెళ్ళి, అక్కడ సముద్ర జంతువుల పార్కులో కిల్లర్ వేల్ ఆట చూసొచ్చింది. ముందు వరసలో కూర్చుంటే అది ఎగిరి పడి నిలువునా తడిపేసిందట. ఆ తడి ఆవిడ ఒంటి మీద ఆ పూటే ఆరిపోయింది కానీ మా చెవుల్లో ఇంకా ఆరలేదు. వాట్సాప్ గ్రూపులో ఫొటోలు, తర్వాత వీడియోలు, తర్వాత మళ్ళీ ఫొటోలు. కొలువు కింద పిల్లల చేత పార్కు పెట్టించడం మనకు ఆనవాయితీ కదా. ఈసారి తమ పార్కు మెరైన్ పార్కు అని ఆవిడ ప్రకటించింది. దానికి మేస్త్రీ మా హారిక.

కొలువు పెట్టిన మర్నాడు చూడ్డానికి వెళ్ళాను. కుళ్ళుకోవాలన్నా ముందు చూడాలి.

దుప్పట్లు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి, లోపలంతా కనిపించేది, కింద మెట్టు ముందు పెట్టారు. అదే తొట్టి. అడుగున నీలం రంగు కాగితం, మధ్యలో ఇనుప తీగ మీద గాల్లోకి ఎగురుతున్న నలుపు తెలుపుల ప్లాస్టిక్ వేల్. తీగ కింద బ్యాటరీ మోటారు. వేల్ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, తిరిగినప్పుడల్లా కీచుమంటుంది. చుట్టూ గ్యాలరీలో కొండపల్లి బొమ్మలు ప్రేక్షకులు. తాడిచెట్టెక్కే మనిషి చెట్టు మీద నుంచే టికెట్ లేకుండా చూస్తున్నాడు. పప్పుల రాశులు ముందేసుకున్న శెట్టిగారి బొమ్మ ట్రైనర్. శెనగపప్పు విసిరితే ఎగిరే తిమింగలాన్ని ప్రపంచంలో మొదటిసారి అక్కడే చూశాను.

బాగుంది. అదే బాధ. కానీ నన్ను కోసింది తొట్టి కాదు.

"అమ్మమ్మా, ఆ కత్తెర ఇటివ్వు. అది కాదు, చిన్నది," అంటోంది మా హారిక. అమ్మమ్మ అంటే ఇంద్రజ గారి తల్లి కోటేశ్వరమ్మ గారు. తెనాలి నుంచి విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. మా ఇంట్లో నేను అరగంట తెలుగులో మాట్లాడితే "ఓకే" అని ఒక్క ముక్కతో సర్దేసే పిల్ల, అక్కడ విభక్తులతో సహా మాట్లాడుతోంది. దానికి అంత తెలుగు వచ్చని పదేళ్ళుగా దాన్ని పెంచుతున్నదాన్ని, నాకు తెలియదు.

ఇంటికొచ్చాక మా ఆయన దుర్గేష్ నా మొహం చూసి, "ఏంటి, కుళ్ళా?" అన్నాడు.

"జువాలజీ," అన్నాను.

నిజమే. నేను బీయస్సీ జువాలజీ, ఫస్ట్ క్లాసు. ఆ పట్టాతో ఇక్కడ ఎవరికీ పని పడలేదు. దేవుడి గూట్లో పసుపు డబ్బా కింద ఉంటుంది, కాస్త పచ్చబడింది కూడా. ఇన్నాళ్ళకు దానికో ఉపయోగం కనిపించింది. తొట్టెల్లో పెంచే కిల్లర్ వేల్స్ గురించి ఆ మధ్యాహ్నమంతా ఫోన్‌లో చదివాను. మొదట్లో ఇంద్రజ గారి మీద విసరడానికి రాళ్ళు ఏరుకుంటున్నట్టే ఉంది. పోనుపోను రాళ్ళు బరువెక్కాయి. ఒకచోట ఫోన్ పక్కన పెట్టి మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది. అయినా ఏరడం మానలేదు.

సాయంత్రం దోసె వేసి పెడుతూ మొదలుపెట్టాను.

"హారీ, ఆంటీ ఫొటోలో వేల్ వీపు మీద రెక్క చూశావా? పక్కకి వాలిపోయి ఉంది."

"ఆంటీ అది స్టైల్ అన్నారు," అంది హారిక, మా ఇంట్లో ఎప్పట్లాగే ఇంగ్లీషులో.

"తొట్లో ఉండే మగవాటికి దాదాపు అన్నిటికీ అలాగే వాలిపోతుందట. సముద్రంలో ఉన్నవాటికి నిటారుగా ఉంటుంది. నువ్వు డెవన్‌పోర్ట్ ఫెర్రీలోంచి చూశావు కదా."

హారిక నములుతున్నది ఆపింది. ఆ రోజు మా ఫెర్రీ పక్కనే మూడు ఓర్కాలు టేకు చేపల్ని, అదే స్టింగ్‌రేలని, తరుముకుంటూ హార్బర్‌లోకి వచ్చాయి. అప్పట్నుంచి అది వాటిని కిల్లర్ వేల్ అంటే ఒప్పుకోదు, ఓర్కా అనాలి.

"మరి తొట్లోవి ఎక్కణ్ణించి వస్తాయి?"

"ఇప్పుడైతే చాలావరకు అక్కడే పుడుతున్నాయట. పూర్వం పడవలతో తరిమి, వలలు వేసి, పిల్లల్ని విడదీసి తెచ్చేవారు. తల్లులు వల బయటే అరుస్తూ తిరిగేవట." ఇక్కడితో ఆపితే సరిపోయేది. నేను ఆపలేదు. "కొన్ని సముద్రాల్లో ఓర్కా పిల్లలు ఎంత పెద్దయినా అమ్మను వదిలిపెట్టవు తెలుసా? పక్క వీధికి కూడా వెళ్ళవు. ఒక్కో కుటుంబానికి ఒక్కో భాష. అమ్మ దగ్గరే నేర్చుకుంటాయి."

"వేరే ఫ్యామిలీ వాటితో కలిపి పెడితే?"

"అర్థంకాక ఊరుకుంటాయేమో."

హారిక రెండో దోసె వద్దంది. నేను ఆ దోసె తిని, హాయిగా నిద్రపోయాను.

మర్నాడు ఉదయం ఇంద్రజ గారి స్టీలు గిన్నె తిరిగివ్వాలన్న సంగతి నాకు హఠాత్తుగా గుర్తొచ్చింది. హారిక వెంటే వెళ్ళాను. అది చెప్పులు కూడా విప్పకుండా కొలువు ముందుకెళ్ళి, "ఆంటీ, దీన్ని బయటికి తియ్యాలి. ఇవాళే," అంది.

"దేన్నమ్మా?"

"ఓర్కాని. అది జైలు, ఆంటీ. మనం జైలు కట్టాం."

ఇంద్రజ గారు నా వైపు చూసింది. నేను గిన్నె వైపు చూశాను. హారిక మొత్తం చెప్పింది. రెక్క, వలలు, తల్లులు. ఆవిడ ముందు నవ్వబోయింది, తర్వాత నవ్వలేదు. "అయ్యో. నేను చప్పట్లు కొట్టి వచ్చానే," అంది మెల్లగా.

వంటింట్లోంచి కోటేశ్వరమ్మ గారు వచ్చారు. "తియ్యడమేంటి? కొలువులో కూర్చోబెట్టిన బొమ్మని దశమి దాటేదాకా కదపకూడదు. చివరి రోజు ఒక బొమ్మని పడుకోబెట్టి, అప్పుడు తియ్యాలి."

"అమ్మమ్మా, అది రోజంతా కదుల్తూనే ఉంది కదా."

"అది తిరగడమే. కదలడం కాదు."

ఆవిడ మామూలుగానే అన్నారు. గదిలో మోటారు కీచుమంటోంది.

హారిక తొట్టి ముందు చతికిలపడింది. దాని కింది పెదవి నాకు తెలుసు. అది అలా ముందుకొచ్చిందంటే వ్యవహారం తెగిపోయినట్టే. లోపల నాకు దీపావళి. పైకి మాత్రం, "పోనీలే తల్లీ, పెద్దవాళ్ళు చెబుతున్నారు కదా. పద, ఇంటికి పోదాం. మన కొలువులో ఎవరికీ జైళ్ళు లేవు," అన్నాను.

"నో. నేను రాను. దీన్ని వదిలి ఎలా వస్తాను?"

ఈ మాట నా లెక్కలో లేదు. ఒక్కదాన్నే ఇంటికి నడిచొచ్చాను. ఆ స్టీలు గిన్నె కూడా తిరిగి తెచ్చేసుకున్నానని గుమ్మంలో గానీ చూసుకోలేదు.

మధ్యాహ్నం మూడు దాటాక హారిక పరిగెత్తుకుంటూ వచ్చింది. చెప్పులతోనే నా బెడ్‌రూమ్‌లోకి పోయి బీరువా తెరిచింది.

"అమ్మా, నీ నీలం చీర ఏది? పెళ్ళిది. బంగారం అంచుది."

దాని నోట అంత తెలుగు మా ఇంట్లో వినపడ్డం అదే మొదలు. "ఎందుకు?" అన్నాను, దీపావళి ఇంకా నడుస్తోందనే నమ్మకంతో.

"సముద్రం చాల్లేదు."

విషయం ఇదీ. బొమ్మని కదపకూడదు, సరే. డబ్బాని కొయ్యకూడదని ఏ శాస్త్రంలోనూ లేదంది ఇంద్రజ గారు. కోటేశ్వరమ్మ గారు ఆలోచించి, గోడలు బొమ్మలు కావని తీర్పు చెప్పారు. ఇంద్రజ గారి భర్త రంపం తీసి డబ్బాకి గుమ్మం వైపు గోడ కోసేశారు. అక్కణ్ణించి ఇంద్రజ గారి నీలం చీరలన్నీ ఒకదాని పక్కన ఒకటి హాలంతా పరుచుకుంటూ వచ్చారు. "షూ ర్యాక్ దగ్గర అయిపోయాయమ్మా. గుమ్మం దాటాలి కదా. లేకపోతే అది కూడా తొట్టే. కొంచెం పెద్ద తొట్టి, అంతే."

అంటే నేను విసిరిన రాళ్ళతో వాళ్ళిద్దరూ మేడ కట్టుకున్నారు. ఇప్పుడు దాని గుమ్మానికి నా పెళ్ళిచీర కావాలి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నా చీరల వైపు చూడని పిల్ల, ఇంద్రజ గారి కార్పెట్ మీద పరవడానికి వచ్చి అడుగుతోంది.

"పాడైపోతుంది," అన్నాను.

హారిక బీరువా తలుపు పట్టుకుని నిలబడింది. "మరి నువ్వే కదా చెప్పావ్. అమ్మలు బయట అరుస్తుంటాయని."

చీర తీశాను. "నేనే పరుస్తాను," అన్నాను. అంతవరకే నా పట్టుదల.

ఇంద్రజ గారింట్లో కీచుమనే చప్పుడు లేదు. తిరుగుతున్న వేల్ ముఖం సరిగ్గా గుమ్మం వైపు వచ్చినప్పుడు కోటేశ్వరమ్మ గారు "ఊఁ, ఇప్పుడు తియ్" అన్నారట, ఇంద్రజ గారు బ్యాటరీ లాగేసిందట. బ్యాటరీ కూడా బొమ్మ కాదు. గ్యాలరీలో జనం అలాగే ఉన్నారు, కానీ చూడ్డానికి ఏమీ లేదు. శెట్టిగారు మళ్ళీ పప్పులమ్ముకుంటున్నాడు. ఆ మూల నుంచి లేత నీలం, ముదురు నీలం, గంజి పెట్టిన నీలం, నలిగిన నీలం, హాలంతా సముద్రం.

నేనొక కొంగు, ఇంద్రజ గారొక కొంగు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాం. నేను లాగాను. ఆవిడా లాగింది.

"నా కొలువు పాడుచేద్దామనే కదా దాని చెవిలో ఊదావు?" అంది ఆవిడ, హారిక బయట ముగ్గు వేస్తుండగా.

"అవునండీ."

"బాగా ఊదావు."

"ఇంకా పాడవుతుందనుకున్నాను."

"నాకూ అలాగే అనిపించింది పొద్దున." ఆవిడ చీర మడత అరచేత్తో సరిచేసింది. "గట్టిగా లాగకు నిరుపమా, జరీ పోతుంది. ఎంత మంచి చీర. దీన్ని కట్టుకోవేం?"

నేను కొంగు ఇంకాస్త ముందుకు జరిపాను. చీర గుమ్మం దాటి, మెట్టు దిగి, ముగ్గు అంచుకు చేరింది. నా కొంగే చివర. అది గమనించాను.

ఆ సాయంత్రం పేరంటానికి శాండ్రింగామ్ నుంచీ మౌంట్ రాస్కిల్ నుంచీ ఆడవాళ్ళంతా వచ్చారు. గుమ్మంలోనే ఆగి, చీరలు తొక్కకుండా గోడ వారగా, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నడిచారు. తాంబూలంలో తమలపాకుల కొరత తీరేలా కివీ పండు పెట్టారు. అందరూ ఇంద్రజ గారిని పొగిడారు. నేను గుగ్గిళ్ళు తిన్నాను. కొబ్బరి ఎక్కువే.

"ఇంతకీ ఈ సముద్రం సంగతేంటమ్మా?" అని ఎవరో అడిగితే హారిక లేచి నిలబడింది. లంగా సర్దుకుని, అంతమంది ముందు, తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. రెక్క వాలిపోవడం చెప్పింది. వలలు చెప్పింది. ఒక్కో కుటుంబానికి ఒక్కో భాష అని చెప్పింది. నేను దోసె వేస్తూ చెప్పిన మాటలే, నా విరుపులతోనే. గుగ్గిళ్ళు నమలడం ఆగిపోయింది అందరికీ.

"అమ్మ దగ్గర్నుంచి తీసుకొచ్చి, అలా... క్యాప్టివిటీలో..." అని ఆగింది. ఆ ఒక్క మాట దానికి తెలుగులో దొరకలేదు. తల తిప్పి వెతుక్కుంది.

కొలువు పక్కన ఇంద్రజ గారు, గుమ్మం పక్కన నేను. ఆవిడ నోరు తెరవడం చూశాను.

"చెర," అన్నాను. కొంచెం గట్టిగానే వచ్చింది.

"చెర," అంది హారిక, రుచి చూస్తున్నట్టు. తర్వాత అటు తిరిగి, "కరెక్టేనా ఆంటీ?" అంది.

హాల్లో అందరూ ఇంద్రజ గారి వైపు చూశారు. ఒక్క తల ఊపు చాలు, ఆ పిల్ల ఆ పూటకి ఆవిడదే.

"మీ అమ్మ చెప్పాక మళ్ళీ నన్నడుగుతావేంటే," అంది ఆవిడ. "అక్కడికి పోయి నిలబడు. ఇంకేదైనా మాట రాకపోతే అడగొచ్చు."

హారిక చీరలు తొక్కకుండా గోడ వారగా వచ్చి నా పక్కన నిలబడి, నా చెయ్యి పట్టుకుని మిగతా కథ చెప్పింది. మధ్యలో ఇంకో రెండు మాటలు అడిగింది. చెప్పాను.

ఇంద్రజ గారికి అంత మంచిగా ఉండాల్సిన అవసరం ఏమొచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు. మనిషిని ప్రశాంతంగా కుళ్ళుకోనివ్వదు.