కొత్త కనెక్షన్ కోసమైతే ఒకటి నొక్కండి

కొండపల్లి స్టేషన్ రోడ్డు వెనక సందులో జుబియా వాళ్లింట్లో నెట్ పోయి నాలుగు రోజులైంది. కంప్లయింట్ ఇద్దామని ఫోన్ చేస్తే రెండు నొక్కమంటారు. నొక్కితే సంగీతం. అరగంట విన్నాక లైను దానంతటదే తెగిపోతుంది.

ఇంట్లో కూర్చుని ఆస్పత్రుల రికార్డులు టైపు చేసే ఉద్యోగంలో ఆమె చేరి ఇరవై రోజులే. ఫోన్ నెట్‌తో వాళ్ల సాఫ్ట్‌వేరు తెరుచుకోదు. ఇవాళ రెండింటిలోపు లాగిన్ కాకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తామని పొద్దున్నే మెసేజ్ వచ్చింది.

కంప్లయింట్ లైను ఎత్తకపోయినా, కొత్త కనెక్షన్ లైను మొదటి రింగుకే ఎత్తుతారని ఆ సందులో అందరికీ తెలుసు. మనిషి కూడా గంటలో వస్తాడు. అతన్ని గుమ్మంలోనే పట్టుకుని పాత లైను బాగు చేయించుకోవడం అక్కడివాళ్లు కనిపెట్టిన దారి. కాకపోతే జుబియా నంబరు నుంచి చేస్తే పాత కస్టమరని తెలిసిపోతుంది. నెట్ లేని ఇంటి నంబరు కావాలి.

పక్క వాటాలో అమలమ్మ ఉంటుంది. ఆవిడకి ఫోన్లో నెట్ తప్ప వేరే కనెక్షన్ లేదు. చర్చి పాటల బృందానికి ఆవిడే పెద్ద. జుబియా వెళ్లేసరికి జాకెట్టు కుడుతోంది.

"ఆంటీ, ఒకసారి మీ ఫోన్ ఇస్తారా?"

"తీసుకోవే. దానికి అడగాలా?"

ఒకటి నొక్కగానే స్పీకరులో ఒక అమ్మాయి గొంతు పలికింది. "నమస్కారమండీ, నా పేరు క్రిస్టినా. మీ పేరు చెప్తారాండీ?"

జుబియా గొంతు తగ్గించింది. "అమలమ్మ."

కుట్టుమిషను ఆగింది. జుబియా డోర్ నంబరు కూడా ఆవిడదే చెప్పింది.

"మొదటి నెల ఫ్రీ అండీ. నచ్చకపోతే మావాళ్లే తీసుకెళ్లిపోతారు. నెట్ ఎక్కువగా దేనికి వాడతారు అమలమ్మగారూ?"

వెనక నుంచి అమలమ్మ గుసగుసగా అందించింది. "పాటలకని చెప్పు. కీర్తన సగంలో ఆగిపోతోందని చెప్పు."

జుబియా తిరిగి చూసింది. అమలమ్మ మొహం విప్పారి ఉంది. 'మీకు కాదు ఆంటీ' అంటే అయిపోయేది. అనలేదు.

"పాటలకండీ" అంది ఫోన్లో.

"నా అవస్థ ఎలా కనిపెట్టావే!" అంటూ ఫోన్ అందుకుంది అమలమ్మ. "శనివారం ప్రాక్టీసులో సరిగ్గా చరణం దగ్గర ఫోన్లో ఆ చక్రం తిరగడం మొదలెడుతుంది. మా కనకలక్ష్మి 'దేవుడు కాఫీకెళ్లాడు, ఆగండి' అంటుంది."

జుబియా నవ్వింది. ఆ నవ్వు తనకే వెగటుగా అనిపించింది.

పదకొండున్నరకి నెట్ కంపెనీ మనిషి బాలశౌరి బండి మీద వచ్చాడు. జుబియా సందు మొదట్లోనే అడ్డం వెళ్లింది.

"అన్నా, అమలమ్మగారి పేరు మీద చేసింది నేనే. మా లైను ఒకసారి చూడండి."

"ఈ వారంలో మీరు మూడో అమలమ్మండీ" అన్నాడతను. విసుక్కోలేదు, నిచ్చెన దించాడు.

స్తంభమెక్కి దిగాక తల గోక్కున్నాడు. "పైన పెట్టెలో మీ తీగ తగిలించే జాగా కాలిపోయింది. ఇంకొక్కటే ఖాళీ ఉంది. అది ఆ కొత్త కనెక్షన్‌కి. పెట్టె మార్చేదాకా ఈ సందుకి ఇంకోటి రాదు. ఎవరికి పెట్టమంటారు?"

జుబియా అమలమ్మ గుమ్మం వైపు చూసింది. ఆవిడ లోపలెక్కడో ఉంది.

"మాకే పెట్టండి" అంది.

"అయితే ఆర్డరు క్యాన్సిల్ కొడతాను. కస్టమరే వద్దన్నారని రాస్తా."

పన్నెండున్నరకి జుబియా కిటికీలో మోడెం పచ్చలైటు వెలిగింది. అతను నిచ్చెన కడుతుండగా అమలమ్మ చెమట తుడుచుకుంటూ బయటికొచ్చింది. "బాబూ, కుట్టుమిషను అవతలికి జరిపేశాను. నెట్ డబ్బా కిటికీ పక్కన పెడతావా?"

బాలశౌరి జుబియా వైపు చూశాడు. ఇంతలో అమలమ్మ చేతిలో ఫోన్ మోగింది. ఆవిడ ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడుతుంది.

"అమలమ్మగారూ, క్రిస్టినానండీ. కనెక్షన్ వద్దన్నారట. మా మనిషేమైనా అన్నాడాండీ?"

అమలమ్మ బాలశౌరిని చూసింది. స్తంభం నుంచి జుబియా కిటికీలోకి దిగిన కొత్త తీగని చూసింది. తీగ వెంటే చూపు వెళ్లి పచ్చలైటు మీద ఆగింది.

"అబ్బే, అబ్బాయి మంచివాడమ్మా" అంది. "నాకే మనసు మారింది."

ఫోన్ పెట్టేశాక జుబియా నోరు తెరవబోయింది. అమలమ్మే ముందు మాట్లాడింది. "విషయం చెప్పుంటే ఆ ఫోనేదో నేనే చేసేదాన్ని కదే." కేకలేసినా బాగుండేది. ఆవిడ మామూలుగానే అంది. "వెళ్లు, నీ పనికి టైమవుతోంది."

జుబియా లాగిన్ అయింది. సూపర్‌వైజరు బొటనవేలు బొమ్మ పంపాడు. మొదటి రికార్డు తెరుచుకుంది. పేషెంటు పేరు టైపు చేస్తుంటే గోడ అవతల కుట్టుమిషనుని తిరిగి పాతచోటికి ఈడుస్తున్న చప్పుడు మొదలైంది. ఇద్దరు పట్టాల్సిన బరువు. కాస్త జరిగి ఆగుతోంది, మళ్లీ జరుగుతోంది. జుబియా రెండుసార్లు లేచింది. రెండోసారి గుమ్మం దాకా వెళ్లింది. ఏమని లోపలికి వెళ్లాలో తెలియక, చెప్పులేసుకుని అక్కడే నిలబడిపోయింది.