పైకప్పు మీది వెలుగు

మూడో అంతస్తు మెట్ల మలుపులో భికాజీ ధురి ఆగాడు. భుజం మీది ట్యూబులైట్ల కట్టను గోడకు ఆనించి, ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకొని, ఊపిరి దారికొచ్చేదాకా నిలబడ్డాడు. లాల్‌బాగ్‌లోని ఆ పాత చాల్‌లో మిల్లు కార్మికుల ఒంటిగదుల వరసలకు చేర్చే చెక్కమెట్లు నడుమ అరిగి గిన్నెల్లా లోతుపడ్డాయి. బయట వాన. వరండా పొడవునా ఆరని చీరలు వేలాడుతున్నాయి. వాటి మధ్యనుంచి వచ్చే మధ్యాహ్నపు వెలుగు నీళ్లు కలిపిన పాలలా పలచగా ఉంది.

బక్కపలచని మనిషి. నిలబడినా మోకాళ్లు కాస్త వంగే ఉంటాయి, ఎవరైనా జరగమంటే జరగడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఊరినుంచి వచ్చిన కొత్తలో అన్నగారి గదిలో చోటులేక వరండాలో పడుకునేవాడు. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చే మిల్లు కార్మికులు దాటివెళ్లేందుకు వీలుగా కాళ్లు ముడుచుకోవడం అలవాటైంది. తరవాత వైరింగ్ పని నేర్చుకున్నాడు. ఇప్పుడు కరెంటు సామాను దుకాణం అటక మీద ఉంటున్నాడు. అక్కడ నిటారుగా నిలబడడానికి వీల్లేదు.

చౌగులేల గది వరండా చివర. తండ్రి పోయాక కొడుకులిద్దరికీ మాట పడక ఉన్న ఒక్క గదినీ ప్లైవుడ్ అడ్డుగోడతో చీల్చుకున్నారు. తలుపు పెద్దవాడు సుభాష్ వంతుకు, కిటికీ చిన్నవాడు విలాస్ వంతుకు వచ్చాయి. చిన్నవాడి మనుషులు పెద్దవాడి గోడ పక్కగా సందులోంచి వెళ్లాలి. తుంటి విరిగిన తల్లి అనసూయాబాయి మంచం పెద్దవాడి వైపు, అడ్డుగోడను ఆనుకొని ఉంది. గాలి ఆడడానికని ఆ గోడను పైకప్పుదాకా ఎత్తలేదు. పైన మూరెడు ఖాళీ వదిలారు.

కబురు పెట్టింది విలాస్ భార్య నయన.

“కాకా, ఈ పెట్టెలో నాకు ఊపిరాడట్లేదు. కిటికీ తీస్తే వాన, మూస్తే చీకటి. నాలుగు గోడలూ మీదికొస్తున్నట్టుంది. ఏదో ఒకటి చెయ్యండి.”

అడ్డుగోడ అవతల బియ్యం చెరుగుతున్న చప్పుడు ఆగింది.

“రాజమహల్ కడుతున్నారటే!” అంది పెద్దకోడలు మంగల్, గోడతో చెప్తున్నట్టు. “కట్టుకోండి, కట్టుకోండి. తలుపు దగ్గర కాపలాకి మేమున్నాంగా.”

“విన్నారా కాకా? పొద్దున్నే మొదలవుతుంది ఈ రేడియో. కట్టేద్దామంటే మీట లేదు.”

భికాజీ నవ్వీ నవ్వనట్టు నవ్వి బల్ల ఎక్కాడు.

ముందు గది నడుమ వేలాడుతున్న బల్బును తీసేశాడు. దాని వెలుగు కళ్లలో పడి మూలలన్నీ చీకటైపోయేవి. చీకటైన గోడ దగ్గరికి జరుగుతుంది. ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. కుర్రతనంలో కార్మికుల నాటక సమాజంలో దీపాలు మోసేవాడు. చిన్న వేదిక, వెనక నీలం గుడ్డ. ఒకరోజు దీపాలను నటుల మీదినుంచి తిప్పి, కిందనుంచి ఆ గుడ్డ మీదికి వెలుగు పోశారు. గుడ్డ మాయమైంది. దాని చోట ఆకాశం వచ్చింది, చివర కనపడనంత దూరం. భికాజీ నోరు తెరుచుకొని చూస్తూ ఉండిపోయాడు. ఆ తరవాత ఏ ఇరుకు గదిలో అడుగుపెట్టినా ఆయన చూపు మొదట గోడల పైఅంచులకే పోయేది.

కిటికీ పైన గోడ పొడవునా చెక్కపట్టీ కొట్టాడు. దాని వెనక, కంటికి కనపడకుండా, ట్యూబులైట్లు పైకప్పు వైపు తిప్పి బిగించాడు. ఒక చిన్నది బీరువా వెనక మూలలో పెట్టాడు. తరవాత తడిగుడ్డతో పైకప్పు పలకల మీది మసి తుడిచాడు. అడ్డుగోడ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. బల్ల ఎత్తుకొని సందులోంచి అవతలికి వెళ్లాడు.

“మా వైపు ఎవరు రమ్మన్నారు?” అంది మంగల్.

“మసి ఉంది వహినీ. ఒక్క నిమిషం,” అన్నాడు భికాజీ, వదినను బతిమాలినట్టు.

“మా మసి మాకు ముద్దే!” అంటూనే బియ్యం చేట పక్కకు జరిపి, బల్లకు చోటిచ్చింది.

మంచం మీదినుంచి ముసలామె ఆయన్నే చూస్తోంది. ఆమె పక్కకు తిరగలేదు. రోజంతా ఆమెకు కనిపించేది ఆ పలకలే.

“ఏ ఊరు నాయనా?”

“కుడాళ్ దగ్గర, ఆయీ.”

“పెళ్లాం?”

“ఊళ్లోనే ఉండేది.” భికాజీ గుడ్డ పిండాడు. “ఒకసారి వానాకాలంలో వచ్చింది. గదినిండా అన్నగారి పిల్లలు. మాట్లాడుకోవాలంటే సముద్రపు గట్టుకు పోయేవాళ్లం, గొడుగేసుకొని. చోటు దొరికాక మళ్లీ వస్తానంది.”

“దొరికిందా?”

“ఆమె ఉండగా దొరకలేదు, ఆయీ.”

మళ్లీ చెరగడం మొదలుపెట్టిన మంగల్ చేట కింద పెట్టేసింది.

సాయంత్రం విలాస్ పనినుంచి వచ్చాక భికాజీ మీట నొక్కాడు. చెక్కపట్టీ వెనక వెలుగు రెండుసార్లు తడబడి నిలిచింది. దీపం ఎక్కడుందో తెలియలేదు. తెల్లటి పైకప్పు పైకి లేచినట్టైంది. మూలలు వెనక్కి నడిచాయి. నయన గది నడుమ నిలబడి, చేతులు రెండూ బారచాపి, చిన్నపిల్లలా ఒక చుట్టు తిరిగింది.

విలాస్ మాత్రం పైకి చూస్తున్నాడు.

“అటుకూడా పోతోంది కదా వెలుగు! కాకా, ఆ పైఖాళీకి కూడా పలక కొట్టెయ్యండి.”

“కొట్టమంటే కొడతాను.” భికాజీ ఒక పొడవాటి అట్ట తీసుకొని, బల్లెక్కి, ఆ ఖాళీకి అడ్డం పట్టాడు. పైకప్పు అక్కడే తెగింది. గది మళ్లీ దగ్గరికొచ్చి కూర్చుంది.

“దింపండి కాకా!” అంది నయన గాభరాగా. “ఏవండీ, ఆవిడ మాటలు మన వైపు రావడం లేదూ? మన వెలుగు అటు పోతే పోయిందిలెండి.”

అట్ట దిగింది. వెలుగు అడ్డుగోడను దాటి, పలకల వెంట తలుపుదాకా సాగింది.

“విలాస్!” అవతలినుంచి తల్లి గొంతు. “గోడ తీసేశారా?”

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన సుభాష్ గొడుగు ముడవకుండా అలాగే నిలబడిపోయాడు.

“మీ నాన్న ఉన్నప్పటిలా ఉంది,” అంది ఆమె. “ఈ చివరినుంచి ఆ చివరిదాకా.”

సుభాష్ నెత్తిమీది బల్బు తల్లి చూపుకు అడ్డంగా మండుతోంది. మంగల్ లేచి దాన్ని ఆర్పేసింది. రెండు వైపులా ఒకే వెలుగు పరుచుకుంది.

“నయనా, చక్కెర ఉందా?” అంది మంగల్, ఎటూ చూడకుండా. “మాది అయిపోయింది. టీ పెడుతున్నా, అందరికీ.”

“తెస్తున్నా వహినీ.”

భికాజీ పనిముట్లు సర్దుకొని, అలవాటుగా వరండాలో గోడవార కూర్చున్నాడు. తలుపులోంచి ఆ గది చూస్తుంటే, నాటకంలో ఆకాశం చూసిన రోజులాగే ఉంది.

“ఆ కుడాళ్ అబ్బాయి ఏడీ?” అంది ముసలామె. “బయటెందుకు? లోపలికి రమ్మను. బోలెడు చోటుంది.”

ఆ మాట ఆయనకు వెంటనే అర్థంకాలేదు. సుభాష్ చెయ్యి పట్టుకొని లేపాల్సివచ్చింది. లోపల చాప మీద, మంచం పక్కన కూర్చున్నాడు. మంగల్ టీగ్లాసు చేతికిచ్చింది. రెండు గుక్కలు తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు తల ఆనించి, పైకి చూశాడు. మోకాళ్లు మెల్లగా విడిపోయాయి. కాళ్లు చాచాడు. ఎవరికీ అడ్డం కాలేదు. కళ్లలో ఏదో సముద్రపు వాన కదిలింది. చెవిలో గొడుగు మీద చినుకుల చప్పుడు, పక్కన ఎవరో తాపీగా ఊరి కబుర్లు చెబుతున్నట్టు.

ముసలామె మంచం మీదినుంచి ఏవో పాత సంగతులు చెబుతోంది. అన్నదమ్ములిద్దరూ ఆమె మాటల్లో పడ్డారు. గ్లాసులు తీయడానికి వచ్చిన మంగల్ “కాకా, చల్లారిపోయింది, వేడిచేసి తేనా?” అని అడిగింది. మళ్లీ అడిగింది. తరవాత ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, మెల్లగా పాదాల దగ్గర కూర్చొని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దుకాణం వాళ్లకు కబురు వెళ్లింది. అన్నదమ్ములిద్దరూ చెరోవైపు పట్టుకొని ఆయన్ని ఆ చాప మీదే పొడుగ్గా పడుకోబెట్టారు. దీపం ఆర్పాలని ఎవరికీ తోచలేదు. ఆ వెలుగు గుమ్మం దాటి వరండాలోకి పడుతోంది. అక్కడ, ఇంటివాళ్ల చెప్పులకు కాస్త దూరంగా, గోడకు ఒత్తిగిలి ఒక జత రబ్బరు చెప్పులున్నాయి. తెగిన ఎడమచెప్పు పట్టీని ఎర్రటి కరెంటు తీగతో ఎప్పుడో ముడివేసుకున్నాడు.