వీపున ముడి

మంచాన ఉన్న భార్య వైపు వీపు పెట్టి, పక్కనే నేలమీద కూర్చున్నాడు వెల్డరు. మెడలోంచి వేలాడే తోలు ఏప్రన్ నడుము తాళ్ళను ఆమె వెనక ముడి వేస్తోంది. బైబిల్లో చెప్పిన దేవుడి కవచంలాగే బూట్లకు శాంతిసమాధానాలు, ఛాతీకి నీతి, గ్లౌజులకు విశ్వాసం, హెల్మెట్‌కు రక్షణ అంటూ ఒక్కో సామానూ చూసుకుని ప్రార్థించడం అతనికి పెళ్ళినాటి నుంచీ అలవాటు. ఇంట్లోనే ఏప్రన్ కట్టించుకుని వీధిలోకి వచ్చే మొగుడు లోకంలో ఇతనొక్కడేనని షెడ్డులో వాళ్ళు ఆటపట్టిస్తారు. దేవుడిచ్చిన కవచంలో వీపుకేమీ లేదని, ఆ భాగం తనదని ఆమె వాదన. పాస్టరుగారు విని నవ్వారే గాని కాదనలేదు.

ఇవాళ తాళ్ళు ఆమె వేళ్ళలోంచి జారిపోతున్నాయి. ఇక మందులు పనిచేయవని డాక్టరు ఇంటికి పంపేశాడు.

"వదులుగా ఉందేమో," అంది ఆయాసపడుతూ.

"ఉక్కులా ఉంది," అని అబద్ధమాడి లేచాడు. రోజూ ప్రార్థనలో చెప్పుకునే నడుముకు సత్యం అనే మాట ఆ పూట అనలేకపోయాడు.

పని మానితే మేస్త్రీ ఊరుకోడు, అంతకన్నా ఆమే ఊరుకోదు. తన అక్కను తోడుంచి బయల్దేరాడు. దారిలో ఒక పిచ్చి ఆలోచన పట్టుకుంది. ఈ ముడి సాయంత్రం దాకా ఊడకపోతే ఆమె బతుకుతుంది. అది ప్రార్థన కాదు, దేవుడితో బేరం. తెలిసీ వదల్లేకపోయాడు.

షెడ్డులో గేటు చట్రానికి అతుకులు వేశాడు. వంగాల్సిన చోటల్లా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రవ్వలు తోలుమీద రాలి చల్లారుతున్నాయి. హెల్మెట్ లోపల ఏడిస్తే ఎవరికీ కనపడదు కాబట్టి ఏడ్చాడు. ఒంటికి ఇన్ని తొడిగి, లోపలున్నవాడిని ఇలా ఎందుకు వదిలేశావని దేవుణ్ణి నిలదీశాడు. వెనక్కి చెయ్యి పెట్టి ముడి తడుముకున్నాడు.

మేస్త్రీ చూసి, జారేలా ఉంది, బిగిస్తానంటూ దగ్గరకొచ్చాడు.

"ముట్టుకోకు అన్నా," అన్నాడు వెల్డరు. ఆ గొంతు విని మేస్త్రీ వెనక్కి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం తిండి కూడా నిలబడే తిన్నాడు వెల్డరు.

ముడి నిలిచింది. పొద్దు వాలగానే, గెలిచినవాడిలా ఇల్లు చేరాడు. గుమ్మంలో అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"ఇప్పుడేరా తమ్ముడూ. నిద్రలోకి జారుకున్నట్టే పోయింది," అంది. "నొప్పి గురించి ఒక్క మాట అనలేదు. ఆయన ముడి ఊడలేదు కదా వదినా అని, అదొక్కటే అడిగింది."

అతను లోపలికి నడిచాడు. పొద్దున కూర్చున్న చోటే, ఆమె వైపు వీపు పెట్టి కూలబడ్డాడు.

"చూడు, ఊడలేదు," అన్నాడు.

ఆ మాటతో నిబ్బరమంతా తెగిపోయింది. బేరం పెట్టినందుకు సిగ్గేసింది, అది చెల్లనందుకు కోపం వచ్చింది. పోతూ పోతూ కూడా ఆమె తన వీపునే కాచిందన్నది మాత్రం భరించలేకపోయాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు.

కాసేపటికి అక్క తాళ్ళు విప్పబోతే వద్దన్నాడు. వదులుగా ఉండబట్టి ఏప్రన్‌ను తలమీదుగా తీయగలిగాడు. దాన్ని గోడ మేకుకు తగిలించాడు. ఒక కొస పొట్టిగా, ఒక కొస పొడుగ్గా, ఆమె వేసిన ముడి అలాగే ఉంది.