పైపు నోటి దగ్గర సున్నా

పొద్దున తొమ్మిదింటికి అద్దకపు షెడ్డులో ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు కాలిపోయింది. నాటకశాల వాళ్ల ఎర్ర తెర అప్పటికే జాడించే తొట్లలో ఉంది. రెండున్నర దాకా నీళ్లు పారుతూనే ఉండాలి. మధ్యలో ఆగితే గుడ్డంతా మచ్చలే. నీళ్ల ట్యాంకరేమో సాయంత్రం గానీ రాదట. ఇరవై ఏళ్లుగా మాట పడకుండా షెడ్డు నడిపిన వదినకు కాలూ చెయ్యీ ఆడలేదు.

మరదలికి మాత్రం ఎక్కడ లేని హుషారు వచ్చింది. పెళ్లికి ముందు లెక్కల టీచరు కదా! గంటగంటకూ ట్యాంకులో కర్ర ముంచి గోడమీద సుద్దతో చుక్కలు పెట్టింది. తొమ్మిదింటికి నూట ఇరవై సెంటీమీటర్లు, పదింటికి వంద, పదకొండింటికి ఎనభై. చుక్కలు కలిపి కిందికి లాగితే, గంటలు రాసిన అడ్డగీతను ఆ గీత సరిగ్గా మూడింటి దగ్గర తాకింది.

“మూడింటిదాకా ఢోకా లేదు వదినా! అరగంట మిగులు కూడా!”

“గీతల మహారాణి చెప్పాక, అయిపోవడానికి నీళ్లకెన్ని గుండెలు?”

“తెర చెడితే ఈ షెడ్డు గడప తొక్కను, సరేనా?” పౌరుషంగా అనేసింది మరదలు.

పన్నెండింటికి అరవై. చుక్క గీతమీదే పడింది. మరదలు చప్పట్లు కొట్టబోయి, ట్యాంకు వైపు చూసి ఆగిపోయింది. తొట్లకు నీళ్లిచ్చే పైపు ట్యాంకు అడుగున లేదు, జానెడు పైన ఉంది. మడ్డి గుడ్డకు అంటకూడదని వదినే అలా పెట్టించింది. కొలిస్తే ఇరవై సెంటీమీటర్లు. ఆ నీళ్లు ఉన్నా లేనట్టే.

“వదినా, సున్నా తప్పుచోట పెట్టాను! రెండింటికే పైపు ఆగిపోతుంది.”

తిట్లు పడతాయనుకుంది. వదిన కొంగు బిగించింది.

“అరగంటేగా తక్కువ? చివరి తొట్టి నీళ్లు తేటగానే ఉంటాయి. మొదటి తొట్టిలో పోద్దాం, పట్టు బకెట్టు! పైపు ధార కాస్త తగ్గించు.”

ఇద్దరూ పరుగే పరుగు. ఒంటిగంటకు నలభై అయిదు! గంటకు పదిహేనే తగ్గుతోంది. మరదలు తడిచేత్తోనే కొత్త గీత లాగింది. అది పైపు ఎత్తుకు దిగేది రెండూ నలభైకి. “పది నిమిషాలు మనవే!” అని ఎగిరి గంతేసింది.

రెండున్నరకు చివరి మడత తేటనీళ్లు కార్చింది. ఎక్కడా మచ్చ లేదు. పది నిమిషాల తర్వాత పైపు గురగురమని ఆగింది. ఇద్దరూ తడిచీరలతోనే ఒకరినొకరు పట్టుకుని పగలబడి నవ్వారు.

వదిన సుద్దముక్క తీసుకుని, పైపు నోటి ఎత్తున ట్యాంకుమీద గీత గీసి, పక్కన సున్నా చుట్టింది.

“మోటారు బాగయినా సరే, రోజూ ముందు నువ్వు చుక్క పెట్టు. ఆ తర్వాతే నేను తొట్టిలో చెయ్యి పెడతాను” అంది.