తెరిచి ఉన్న కన్ను

ఆకాశంలో ఎక్కడో రెండు చచ్చిన నక్షత్రాలు గుద్దుకుంటే కువైట్‌లోని హవల్లీలో ఒక కోడలి కునుకు చెడింది. తలనొప్పితో సోఫాలో ఒరిగిన ప్రజ్ఞ, ఆ కబురు తెచ్చిన ఫోన్ మోతకు ఉలిక్కిపడి లేచేసరికి హాలంతా నారింజ రంగు చీకటి. బయట పొద్దుటి నుంచీ గుబార్. ఇసుక దుమారం లేచిన రోజున ఇక్కడ పొద్దూ తెలియదు, మాపూ తెలియదు. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది.

ప్రజ్ఞది చిత్రమైన ఉద్యోగం. నక్షత్రాలు గుద్దుకుంటే పుట్టే గురుత్వ తరంగాలు భూమ్మీది పరికరాలకు అందుతాయి గానీ, అవి చెప్పేది వీధి పేరే, ఇంటి నంబరు కాదు. ఆ వీధిలోని గెలాక్సీలన్నీ ఒక్కొక్కటే వెతికి, గుద్దుకున్న చోట మిగిలిన ఎక్స్‌రే వెలుగును పట్టుకోవాలి. గాలి పొర ఎక్స్‌రేలను కిందికి రానివ్వదు కాబట్టి ఆ వెతుకులాట అంతరిక్షం నుంచే జరగాలి. అందుకు బెంగళూరు కంట్రోల్ రూం చేతిలో, ఉపగ్రహం మీద తిరిగే ఒక చిన్న టెలిస్కోపు ఉంది. ఈ వారం అది ఎటు చూడాలో ఇంటి నుంచే చెప్పే డ్యూటీ ప్రజ్ఞది. వెలుగు ఆరిపోయేలోపు ముందు చూసినవాడిదే పుణ్యం.

ఆ టెలిస్కోపుకో గండం ఉంది. దక్షిణ అట్లాంటిక్ పైన రేడియేషన్ దట్టంగా పేరుకున్న మేర ఒకటుంది. ఉపగ్రహం రోజులో కొన్ని గంటలు దాన్ని తప్పించుకుని తిరుగుతుంది, కొన్ని గంటలు దాంట్లోంచే పోతుంది. అందులోకి వెళ్ళేముందు కెమెరాకు కరెంటు ఆపాలి. ఆపకపోతే మాడిపోతుంది, బాగుచేయడానికి పైకి పోయేవాడు లేడు. మామూలు రోజుల్లో ఆ ఆపడం దానంతటదే జరుగుతుంది. తొందర పనులప్పుడు మాత్రం ఆ కాపలా పక్కనపెట్టి, డ్యూటీలో ఉన్నవాళ్ళు ఇచ్చిన టైము ప్రకారం నడుపుతారు. అలా నడపాలని మీటింగుల్లో అందరితో పోట్లాడి ఒప్పించింది ప్రజ్ఞే.

ప్రజ్ఞ గోడ గడియారం చూసి, కువైట్ టైములోంచి మూడు గంటలు తీసేసి అంతర్జాతీయ టైము లెక్కకట్టింది. ఎప్పుడు కరెంటు పెట్టాలో, ఎప్పుడు ఆపాలో రాసి పంపేసింది. ఫోన్‌లోనూ, ల్యాప్‌టాప్ మూలా టైము ఉంటుంది కదా అంటారా? ఉంటుంది. ఫోన్‌లో కబురు తప్ప మరేదీ చూడలేదు, ల్యాప్‌టాప్ మీద ఆకాశం పటం నిండుగా పరిచేసింది మహాతల్లి. వెతకాల్సిన గెలాక్సీల్లో మొదటిది ఎంచుకుని సంబరంగా రాసుకుంది.

చాలాసేపటికి దజీజ్‌లోని ఆఫీసు నుంచి భర్త కౌశల్ ఫోన్ చేశాడు. "దుమ్ముకి అందర్నీ ముందే పంపించేస్తున్నారు. నాలుగింటికల్లా ఇంట్లో ఉంటా."

"నాలుగేంటి? ఐదవుతోంది కదా."

"నిద్దర మత్తా నీకు? ఇంకా రెండున్నరే."

ప్రజ్ఞ చప్పున గోడ గడియారం వైపు తిరిగింది. "అత్తయ్యా, గడియారం ఎవరైనా ముట్టుకున్నారా?"

"నేనేనమ్మా," అంది కనకవల్లి వంటింట్లోంచి. ఆవిడ విజయవాడ నుంచి వచ్చి వారమైంది. "దాంట్లో సెల్లు అయిపోతే పొద్దున మార్చి మన ఇండియా టైము పెట్టా. రాహుకాలం చూసుకోవద్దూ?"

కువైట్ తెలుగువాళ్ళ ఇళ్ళలో రాహుకాలం కూడా బెజవాడ నుంచే దిగుమతి. పాపం, ఆవిడ తప్పేముంది? ప్రజ్ఞ ఇచ్చిన టైము అసలు దానికన్నా రెండున్నర గంటలు ఆలస్యం. అప్పటికి ఉపగ్రహం సరిగ్గా ఆ రేడియేషన్‌లో ఉంటుంది, కరెంటు పారుతూ, కన్ను తెరుచుకుని. కంట్రోల్ రూం దానితో మాట్లాడగలిగేది ఇప్పుడు, పది నిమిషాలు. ఆ తర్వాత మళ్ళీ దొరికేసరికి అంతా అయిపోయి ఉంటుంది.

కంట్రోల్ రూం పెద్ద వాసుదేవరావుగారి నంబరు నొక్కింది. మోగింది. కట్ చేసింది.

ఎందుకు కట్ చేసిందో ఆ వేలికి తెలుసు. చెబితే పరిశీలన మొత్తం రద్దు, ఆపైన నగుబాటు. గోడ గడియారం చూసి ఉపగ్రహం నడిపిన మనిషని లోకమంతా నవ్వుతుంది. చెప్పకపోతే? ఏళ్ళకోసారి దొరికే అవకాశం కదా, తెలిసే తెగించానంటే సరిపోతుంది. తెగించినవాళ్ళను చూసి ఎవరూ నవ్వరు. కెమెరా మాడటం కళ్ళ ముందు కనిపిస్తున్నా, ఆ రెండో మాట తియ్యగానే ఉంది. నిమిషాలు పోతున్నాయి.

"ఏంటమ్మాయ్, అలా చెమటలు పట్టాయి?" కనకవల్లి వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది. "ఎవరికైనా ఏమన్నా అయిందా?"

"ఇంకా కాలేదు అత్తయ్యా," అని మళ్ళీ నొక్కింది.

గడియారం సంగతంతా వాసుదేవరావు విన్నాడు. "మీరేదో ఆలోచించే ఆ టైము ఇచ్చారనుకున్నామమ్మా," అన్నాడు. ఆపైన ఫోన్లో ఆయన అరుపులే, ఎవరెవరో పరిగెత్తిన చప్పుళ్ళే. ప్రజ్ఞ కళ్ళు మూసుకుని అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఎందుకో తెలియకుండానే ఆంజనేయస్వామిని తలుచుకుంటోంది.

"ఆపమన్న మాట ఉపగ్రహానికి అందింది," అన్నాడు వాసుదేవరావు చివరికి. "గొంతు దాకా వచ్చిందమ్మా ప్రాణం. ఇంకాస్త ఆలస్యమైతే అందేది కాదు."

సాయంత్రానికి మరో దేశం టెలిస్కోపు ఆ వెలుగును పట్టుకుందని ప్రపంచమంతటికీ కబురు వచ్చింది. ప్రజ్ఞ మొదట రాసుకున్న గెలాక్సీలోనే. ఆ వాక్యం చదివి మొహం చున్నీలో దాచుకుని ఏడ్చింది.

వాసుదేవరావు మళ్ళీ ఫోన్ చేశాడు. "బాధపడకండి. ఇంకొకరైతే కావాలనే తెగించామని తప్పించుకునేవారు. మీరు తప్పు తెలిసిన మరుక్షణం చెప్పారు. అలాంటివాళ్ళే కావాలి మాకు. వచ్చే వారం కూడా డ్యూటీ మీకే వేస్తున్నా."

మధ్యాహ్నం మోగి ఆగిపోయిన మొదటి ఫోన్‌ను ఆయన పట్టించుకోలేదు. సిగ్నల్ లేదనుకుని ఉంటాడు. వచ్చే వారం, ఇలాంటిదే మరో మధ్యాహ్నం, అత్తగారు పక్కన లేకుండా ఉంటే తన వేలు ఏం చేస్తుందో ప్రజ్ఞకు తెలియలేదు. తనంటే తనకే భయం వేసింది.

"ఉన్నారా అమ్మా?"

"మరుక్షణం కాదండీ" అనబోయింది.

"ఉన్నానండీ," అంది.